నలభై మూడో స్తంభం

మేస్త్రీని తోటి పనివాళ్ళు చాటుగా "మూడుసార్లాయన" అనేవాళ్ళు. ఆపేసిన తీగ నిజంగా ఆగిందో లేదో ఆయన మూడుసార్లు చూస్తేగానీ ఎవరినీ స్తంభం ఎక్కనిచ్చేవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు కరెంటు లైన్ల మీద పనిచేసి ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు కనక, ఆ పేరు చెవినపడ్డా బిరుదు ఇచ్చినట్టే నవ్వేసేవాడు.

ఆ ఉదయం ఆయన వెంట ఉన్నది బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, ముప్ఫై నిండనివాడు, స్తంభం ఎక్కాడంటే ఉడుతే. వాణ్ణి ఈ పనిలో పెట్టించింది మేస్త్రీయే. పెట్టించిన రోజున భార్య ఒకే ఒక్క మాట అంది. "వాడు పైనున్నంతసేపూ మీరు కిందుండాలి." ఆరేళ్ళుగా ఆయన ఆ మాట దాటలేదు.

ముందురోజు సాయంత్రం గాలికి అడవిలో పెద్ద కొమ్మ ఒకటి విరిగి లైను మీద పడింది. నలభై మూడో స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్ పగిలి, తీగ ఒకటి జారి వేలాడుతోంది. అడవికి అవతలున్న రెండు ఊళ్ళకి అప్పట్నుంచీ కరెంటు లేదు. వ్యాను మట్టిరోడ్డు చివర ఆపి, సామాను భుజాలకెత్తుకుని, ఇద్దరూ లైను కింద చెట్లు కొట్టి వదిలిన దారివెంట అరగంట నడిచారు. రెండు లారీలు పక్కపక్కన పట్టేంత దారి. దానికి అటూ ఇటూ అడవి గోడ కట్టినట్టు నిలబడి ఉంది. సూదుల్లాంటి ఆకులున్న పొడవాటి చెట్లు, కింద తడి నాచు. ఎండ చురుక్కుమంటోంది. ఆకాశంలో మచ్చుకి కూడా మబ్బు లేదు.

ముందు పడిన కొమ్మని రంపంతో కోసి పక్కకి లాగారు. రంపాన్ని పెద్ద సామాను సంచీలో పెట్టి, సంచీని అక్కడే దారి మధ్యన వదిలేసి, ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న స్తంభం దగ్గరికి వచ్చారు. సబ్‌స్టేషన్‌లో లైను ఆపేశారు. దారిలో ఉన్న స్విచ్చిని మేస్త్రీ తన చేత్తోనే తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. అయినా పొడవాటి కర్ర ఎత్తి, టెస్టరు తీగకి ఆనించి చూశాడు. మళ్ళీ చూశాడు.

"బావా, అక్కని చేసుకునే ముందు కూడా ఇలాగే మూడుసార్లు టెస్టు చేశావా?" అన్నాడు బావమరిది, నడుముకి బెల్టు బిగించుకుంటూ.

"చేశాను. మూడుసార్లూ షాకే కొట్టింది."

"మరి ఎందుకు పట్టుకున్నావ్?"

"పట్టుకున్నాక వదలదురా కరెంటు. నోరు మూసుకుని హెల్మెట్ పెట్టుకో."

మూడోసారి కూడా చూశాక, మేస్త్రీ తీగలకి ఎర్తు కట్టాడు. అంటే, మూడు తీగలనీ ఒక లావుపాటి రాగి కేబులుతో కలిపి, ఆ కేబులు చివరని భూమిలో దిగ్గొట్టిన ఇనప కడ్డీకి బిగించాడు. పొరపాటున ఎక్కణ్ణుంచయినా కరెంటు వచ్చిపడితే పైనున్న మనిషిలోంచి పోకుండా ఆ దారిన భూమిలోకి దిగిపోతుంది. తర్వాతే "ఎక్కు" అన్నాడు.

పదకొండు దాటి ఇరవై నిమిషాలయి ఉంటుంది. బావమరిది ఇనప స్తంభం పైభాగాన, అడ్డబద్ద మీద కాళ్ళు పెట్టి, బెల్టు కొక్కెం స్తంభానికి తగిలించుకుని, కొత్త పింగాణీ బిగిస్తున్నాడు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఉన్నట్టుండి ఆపేశాడు.

"బావా, పిట్టలేమయ్యాయి?"

అప్పటిదాకా చెవులు హోరెత్తేలా అరిచిన పిట్టలు ఒక్కటీ లేవు. పురుగుల రొద కూడా లేదు. మేస్త్రీ సమాధానం చెప్పబోయేంతలో తీగలు మోగడం మొదలుపెట్టాయి.

ఆ మోత ఆయనకి కొత్త కాదు. కరెంటున్న తీగ పాడే పాట అది. కానీ ఈ తీగలో కరెంటు లేదు. ఆపిన స్విచ్చి తాళంచెవి తన జేబులోనే ఉంది. మోచేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నాలుక మీద తుప్పు రుచి తగిలింది.

"దేన్నీ ముట్టుకోకు!" అని అరిచాడు. "తీగ వదిలెయ్. చేతులు దగ్గరికి తీసుకో. మెల్లిగా దిగు."

"కొక్కెం రావట్లేదు బావా."

"మెల్లిగా లాగు."

"లాగుతున్నా. అతుక్కుపోయింది. పానాలు కూడా స్తంభానికి అతుక్కుపోయాయి. అయస్కాంతంలా..." వాడి చూపు మేస్త్రీ తల మీదుగా దారి వైపు పోయింది. చాలా నెమ్మదిగా అన్నాడు. "బావా, నీ వెనక."

మేస్త్రీ వెనక్కి తిరిగాడు.

అది చెట్ల కొసలకి కాస్త పైన ఆగి ఉంది. వచ్చిన చప్పుడు లేదు, గాలి లేదు. చూసుకుంటే అప్పుడే వచ్చినట్టూ లేదు, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టుంది. రెండు బస్సుల పొడవుంటుంది. బోర్లించిన మూకుడు ఆకారం, తడి పలక రంగు. కిటికీల్లేవు, రెక్కల్లేవు, అతుకులు లేవు. అంత ఎండలోనూ దాని మీద మెరుపన్నది లేదు. పడిన వెలుతురంతా అందులోకి ఇంకిపోతున్నట్టుంది. దారి మధ్యన వదిలేసిన సామాను సంచీకి సరిగ్గా నడినెత్తిన నిలబడి ఉంది.

మేస్త్రీ కాళ్ళు భూమిలో దిగబడినట్టయ్యాయి. పారిపోవాలన్న ఆలోచన రాలేదని తర్వాత ఎవరితోనూ అనలేదు ఆయన. వచ్చింది. గట్టిగానే వచ్చింది. అయితే ఆ క్షణంలోనే పక్కన బుస్సుమని చప్పుడైంది.

భూమిలో దిగ్గొట్టిన కడ్డీ చుట్టూ ఆవిరి లేస్తోంది. కేబులు వేడెక్కి, దాని మీది తొడుగు మెత్తబడి వాసనొస్తోంది. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియని కరెంటు ఆ కేబులులోంచే భూమిలోకి దిగుతోంది. తడి ఉన్నంతసేపే భూమి దాన్ని తాగుతుంది. మట్టి ఎండిపోయిందా, తాగడం మానేస్తుంది. అప్పుడు కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. పైన ఆ తీగకి మూరెడు దూరంలో బావమరిది కట్టేసినట్టు నిలబడి ఉన్నాడు.

వాకీటాకీ తీసి నొక్కాడు. ఇసుక రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మంచినీళ్ళ క్యాను తెచ్చి కడ్డీ మొదట్లో పోశాడు. మట్టి చర్రుమంది. మోత కాస్త తగ్గింది. సగం క్యాను అయ్యేసరికి మళ్ళీ ఆవిరి లేచింది. మిగతా సగమూ పోశాడు.

"బెల్టు కోసెయ్! కత్తి లేదూ?"

"కత్తి కూడా స్తంభానికే అంటుకుపోయింది బావా. చేతికి అందట్లేదు." వాడు ఏడవట్లేదు గానీ, మాట ఒక్కొక్కటే ఊడి పడుతోంది. "బావా... మా పాపకి..."

"పాపకి నువ్వే చెప్పుకుందువుగాని. కదలకుండా నిలబడు."

ఇంకో కడ్డీ ఉంది. రెండోది దిగ్గొట్టి కేబులుకి కలిపితే భారం రెండుగా పంచుకుంటుంది. కానీ అది సంచీలో ఉంది. సంచీ గాల్లో నిలబడ్డ ఆ ఆకారం కింద ఉంది.

ముప్ఫై అడుగులు. ఆ దూరం నడవడానికి ఎంతసేపు పట్టిందో మేస్త్రీకి తెలియదు. తల వంచుకుని, నేల మీద నాచునే చూస్తూ నడిచాడు. దాని నీడలోకి అడుగు పెట్టగానే చలివేసింది. సంచీ పడుకుని లేదు. ఎవరో పైనుంచి చెవి పట్టి లేపినట్టు నిక్కి నిలబడి ఉంది. లోపలున్న ఇనప సామానంతా పైకి లాగుతోంది. మూత తీస్తే అన్నీ ఎగిరిపోతాయని అర్థమైంది. మూతలోంచి చెయ్యి మాత్రం దూర్చి, తడుముకుని, కడ్డీని పట్టుకుని బయటికి లాగాడు.

లాగీలాగగానే కడ్డీ నిటారుగా లేచింది. రెండు చేతులా పట్టుకున్నా ఆగలేదు. మడమలు లేచాయి. మునివేళ్ళ మీద నిలబడ్డాడు. వదిలేస్తే కడ్డీ పోతుంది, వదలకపోతే తను పోతాడు. అప్పుడు తల ఎత్తి చూశాడు.

పైన ఏమీ లేదు. తలుపు లేదు, దీపం లేదు, ముఖం లేదు. నున్నటి పలక, అంతే. అయినా ఎవరో తనని చూస్తున్నారని ఆయనకి ఖాయంగా తెలిసింది. నిద్రపోతున్నవాడికి ఎవరో మంచం పక్కన నిలబడ్డారని తెలిసినట్టు తెలిసింది.

ఏమనాలో తోచలేదు. జీవితమంతా సబ్‌స్టేషన్ వాళ్ళతో ఫోన్లో అన్న మాటే నోటికొచ్చింది.

"మా మనిషి పైనున్నాడండీ," అన్నాడు. "పని అవలేదు. కాస్త ఆపండి."

లాగుడు సడలింది. మడమలు నేలకానాయి. కడ్డీ మామూలు ఇనుములా బరువై చేతుల్లోకి వచ్చింది. మేస్త్రీ మళ్ళీ పైకి చూడలేదు. వెనక్కి పరుగెత్తాడు.

సుత్తి స్తంభానికి అతుక్కుని ఉంది. రాయి దొరికింది. తడి నాచు ఉన్నచోట చూసి ఆ రాయితోనే కడ్డీని బాదాడు. వేళ్ళు చిట్లాయి. మూడొంతులు దిగాక, కాలిపోతున్న కేబులుని చొక్కా గుడ్డతో పట్టుకుని దానికి బిగించాడు. ఆవిరి రెండో చోట కూడా లేచింది. మొదటి చోట మాత్రం తగ్గింది. తీగల మోత నడుస్తూనే ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు.

తర్వాత మోత ఆగిపోయింది. ఆ ఆకారం తిన్నగా పైకి లేచింది. ఒక్క ఆకు కదల్లేదు. చిటికెలో చిన్నదై, నీలంలో చుక్కై, లేకుండా పోయింది. పానాలూ కత్తీ సుత్తీ టపటపా కిందపడ్డాయి. బెల్టు కొక్కెం దానంతటదే ఊడింది. బావమరిది స్తంభాన్ని కావలించుకుని మెల్లిగా దిగాడు. దిగి అక్కడే నాచులో కూలబడ్డాడు. మేస్త్రీ వాడి చేతులు చూశాడు, కాళ్ళు చూశాడు, చొక్కా ఎత్తి వీపు చూశాడు. ఎక్కడా గాయం లేదు. అప్పుడు వాడి చెంప మీద ఒక్కటి వేశాడు. వెంటనే దగ్గరికి తీసుకున్నాడు. ఎందుకు కొట్టాడో ఆయనకీ తెలియదు, వాడూ అడగలేదు.

మర్నాడు ఇంజనీరమ్మ ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. బల్ల మీద మొదటి కడ్డీ ఉంది. దాని మొన చుట్టూ మట్టి కరిగి, నల్లటి గాజుగడ్డలా పేరుకుని ఉంది. ఆమె ఆ గడ్డని చాలాసేపు తిప్పి చూసింది. పక్కనున్న పానాన్ని ఎత్తితే, కాగితాలకి గుచ్చే పిన్నులు నాలుగు దాని వెంట లేచాయి.

"సబ్‌స్టేషన్ రికార్డు చూశాను. లైను రోజంతా ఆగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు," అంది. "మీరు చెప్పింది అబద్ధమని నేననను. కానీ నా పైన ముగ్గురున్నారు. వాళ్ళకి ఏమని పంపను? పిడుగు అని రాద్దాం. ఇద్దరూ సంతకం పెట్టండి."

"నిన్న మబ్బు లేదు మేడం," అన్నాడు మేస్త్రీ.

"ఉందని రాస్తే ఎవరికి నష్టం?"

"రేపు ఆ స్తంభం ఎక్కేవాడికి. పిడుగంటే, మబ్బు లేనిరోజు భయం లేదనుకుంటాడు. ఒక్క కడ్డీ చాలనుకుంటాడు."

"పిచ్చెక్కిందంటారు మిమ్మల్ని. డ్యూటీ నుంచి తప్పిస్తారు."

"అన్నా సరే."

బావమరిది మాత్రం ఎవరి వంకా చూడకుండా, వంగి పిడుగు కాగితం మీద సంతకం పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ విడిగా ఒక కాగితం తీసుకుని, జరిగింది జరిగినట్టు ఆరు వరుసల్లో రాసిచ్చాడు. దానితో మాట్లాడిన మాట ఒక్కటే రాయలేదు. వారం తిరక్కుండానే ఆయన్ని స్టోర్లో కూర్చోబెట్టారు. డాక్టరు చూసేదాకా స్తంభం దగ్గరికి వెళ్ళకూడదన్నారు. స్టోర్లో నట్లు లెక్కపెడుతుంటే వచ్చేపోయేవాళ్ళు చూరు వంక చూస్తూ "ఏం మేస్త్రీ, ఇవాళ రాలేదా?" అని నవ్వేవాళ్ళు. ఆయన లెక్క తప్పేది. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టేవాడు.

ఇంట్లో భార్య రెండు రోజులు ఊరుకుంది. మూడోరోజు అడిగింది. "మీరు చెప్పింది నమ్మడానికి నాకు కష్టంగా ఉంది. కానీ మీరు అబద్ధం చెప్పారని నమ్మడం ఇంకా కష్టం. వాడెందుకలా రాశాడు?"

"వాడికి చంటిపిల్ల ఉంది. భయపడ్డాడు. నేనైనా ఆ వయసులో అదే చేసేవాణ్ణి."

"చేసేవారు కాదు," అందామె.

ఆ ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. వారంగా నిద్రలేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. అక్క మంచినీళ్ళిచ్చింది గానీ కూర్చోమనలేదు. వాడే వచ్చి బావ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పైనుంచి నాకంతా కనిపించింది బావా. నువ్వు దాని కిందికి వెళ్ళినప్పుడు నీ కాళ్ళు లేచాయి. నువ్వు తలెత్తావు. నీ పెదాలు కదిలాయి. అప్పుడది కదిలింది. ఓ బారెడు పక్కకి జరిగింది. ఎవరో దారి అడిగితే జరిగినట్టు జరిగింది."

మేస్త్రీ ముందుకి వంగాడు. తన ఊహేమోనని ఇన్నాళ్ళూ లోలోపల కుములుతున్న సంగతి అదే.

"జరిగిందా? నువ్వు చూశావా?"

"చూశాను. ఏమన్నావ్ బావా?"

చెప్పాడు. బావమరిది నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అక్క వచ్చి వాడి పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసింది. "ఏడిస్తే ఏడువు గానీ, రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళు," అంది.

వెళ్ళాడు. పిడుగు కాగితం మీద తన సంతకం కొట్టేసి, తను చూసింది వేరే రాసిచ్చాడు. దాంతో వాణ్ణి కూడా డాక్టరు దగ్గరికి పంపారు. ఆ డాక్టరు ఇద్దర్నీ వేరువేరుగా కూర్చోబెట్టి, అడిగిందే అడిగి, రోజంతా తిప్పాడు. ఇద్దరి మాటా ఒకటే. చివరికి "కళ్ళు బాగున్నాయి, మతి బాగుంది, వేళకి తిండి తినండి" అని రాసిచ్చాడు.

ఇంజనీరమ్మ ఇద్దరూ రాసిచ్చిన రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకుని పిడుగు కాగితం చింపేసింది. కొత్తది తీసి, కారణం అన్నచోట "తెలియదు" అని తన చేత్తో రాసింది. దాని కింద, ఆ అడవిలో పనిచేసేటప్పుడు రెండు కడ్డీలూ పక్కనే ఉంచుకుని రెండు చోట్లా ఎర్తు కట్టాలని ఉత్తర్వు వేసింది. పైనున్న ముగ్గురూ ఆమెని పిలిచి ఏమన్నారో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు.

నెల తర్వాత ఇద్దర్నీ మళ్ళీ అదే లైనుకి పంపారు. నలభై ఆరో స్తంభం దగ్గర తీగ కిందికి జారింది. దారిలో నలభై మూడు దగ్గరికి రాగానే బావమరిది కాళ్ళు ఆగిపోయాయి. నాచు మీద గుండ్రంగా ఓ చోట గోధుమరంగుకి తిరిగి ఉంది. అడవిలో పిట్టలు గోలగోలగా అరుస్తున్నాయి. వాడు తల ఎత్తి ఆకాశం వంక చూశాడు. మేస్త్రీ తొందరపెట్టలేదు. భుజం మీది బరువు దించి, తనూ నిలబడి కాసేపు చూశాడు. నీలం తప్ప ఏమీ లేదు.

"మళ్ళీ వస్తే?" అన్నాడు బావమరిది.

"వస్తే నువ్వు మాట్లాడు. నాకు తెలిసిన మాట అదొక్కటే, అది అయిపోయింది."

ఈసారి వాడు నిజంగానే నవ్వాడు. సామాను ఎత్తుకుని ఇద్దరూ ముందుకి నడిచారు.